ఫిల్మ్‌నగర్‌లో లేచి కూర్చున్న గుర్రం

డెబ్బై నాలుగేళ్ళ వయసులో నేను తార్నాక నుంచి ఫిల్మ్‌నగర్‌కు బయలుదేరింది సినిమా తారలను చూడటానికి కాదు, చదరంగం చెప్పడానికి. ముప్ఫై ఏళ్ళకు పైగా కళాశాలలో గణితం బోధించాను. అంతకుముందు, చదువుకునే రోజుల్లో, మా విశ్వవిద్యాలయం తరఫున చదరంగం ఆడాను; ఉద్యోగంలో చేరాక అడిగిన విద్యార్థులకు నేర్పాను. నా పూర్వ విద్యార్థిని లావణ్య ఇప్పుడు సినిమాల్లో కో-డైరెక్టర్. "మేడమ్, ఒక్క పూట రండి. చదరంగం బల్లను ఎన్నడూ ముట్టుకోని ఒకావిడకు మధ్యాహ్నంలోగా నేర్పాలండీ. కారు పంపిస్తాను," అని ఫోన్ చేసింది. వస్తానన్నాను, కారు మాత్రం వద్దన్నాను. నా దారి నేను చూసుకోగలిగినంత కాలం మరొకరి వాహనం కోసం గుమ్మంలో నిలబడటం నాకు ఇష్టం ఉండదు.

ఉదయం ఏడున్నరకు తార్నాకలో రాయదుర్గం వైపు వెళ్ళే మెట్రో ఎక్కాను. మధ్యలో రైలు మారే పని లేదు. అరగంటకు కాస్త అటూ ఇటూగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్ వచ్చింది. అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆటో నూట ఇరవై రూపాయలు. డ్రైవరుది బోరబండ. నా చేతిసంచీనీ, జరీ అంచు చీరనూ అద్దంలో చూసి, "షూటింగ్‌కా అమ్మా? అమ్మమ్మ వేషమా?" అన్నాడు. "వేషం కాదు నాయనా, పాఠం చెప్పడానికి," అన్నాను. "సినిమావోళ్ళకు పాఠమా! జర గట్టిగ చెప్పుండ్రి," అని నవ్వాడు. ఫిల్మ్‌నగర్ మెట్ట మొదట్లోనే బండి ఆపేశాడు. "గీడ దిగుండ్రి అమ్మా. పైన తిప్పుకునే జాగ లేదు." మిగిలిన ఎత్తు నడిచాను. రెండుసార్లు ఆగి గోడల మీది కాగితప్పూల తీగలను శ్రద్ధగా పరిశీలించాను. అలసట వల్ల కాదని చెప్పను.

షూటింగ్ జరుగుతున్నది ఒక అద్దె బంగళాలో. సన్నివేశం ఇది: ఆ ఇంటి వంటమనిషి, యజమానిని చదరంగంలో ఓడిస్తుంది. వంటమనిషి వేషం యాదమ్మది. వయసు యాభై ఎనిమిది, ఉండేది రహమత్ నగర్‌లో. ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళ గుంపుల్లో, కోర్టు గుంపుల్లో నిలబడిన జూనియర్ ఆర్టిస్టు. జీవితంలో మొదటిసారి ఆమెకొక క్లోజప్, ఒక మాట దొరికాయి. అయితే ఆట తెలిసినదానిలా చెయ్యి కదలాలని దర్శకుడి పట్టుదల. తడబడితే ఆ వేషం ఇచ్చేయడానికి ఇంకొక నటిని పిలిపించి మేకప్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ సంగతి యాదమ్మకు తెలుసు.

"యాదమ్మ గారూ, మొదలుపెడదామా?" అన్నాను.

"నన్ను గారు అంటున్రా!" అని ఆమె చుట్టూ చూసింది. "ఎవలన్న విన్నరో లేదో."

నేను నా పద్ధతిలో ఆరంభించాను. అరవై నాలుగు గళ్ళు, పదహారేసి పావులు, వాటి పేర్లు, విలువలు. పావుగంట గడిచేసరికి ఆమె కళ్ళు కిటికీ వైపు వెళ్ళిపోయాయి. నలభై ఏళ్ళ కిందట చివరి బెంచీల్లో చూసిన చూపే అది.

"టీచరమ్మా, గెలిస్తే ఏమొస్తది?" అంది చివరకు.

"ఏమీ రాదు."

"మరి గింతసేపు ఎందుకు కూసుంటరు?"

నేను మళ్ళీ పావుల పేర్లే అందుకోబోయాను. ఆమే నా మీద జాలిపడి దారి చూపింది. "పేర్లు వద్దు. ఎవల జాగ ఏదో చెప్పుండ్రి. ముప్పై ఏండ్ల సంది మా పని గదే. షాట్ ఆపి మల్ల మొదలుపెడితే అదే జాగల, అదే చెయ్యి లేపి నిలబడాలె. జాగలైతే నేను మరువ."

అన్నీ పక్కకు పెట్టి, సన్నివేశంలోని చివరి ఐదు ఎత్తులనే పేర్చాను. ఒక్కొక్క పావు ఎక్కడ నిలబడి ఏ గడిని చూస్తున్నదో చూపించాను. బంటు ముందుకే నడవాలి, వెనక్కి రాకూడదు అంటే, "మా గుంపు లెక్కనే. వెనక్కి చూస్తే మైకుల తిడతరు," అంది. గుర్రం రెండు గళ్ళు నేరుగా, ఒకటి పక్కకు, మధ్యలో ఎవరున్నా దూకి వెళుతుందన్నాను. "మా గల్లీల బైకులోళ్ళు!" చనిపోయిన పావులను బల్ల పక్కన వరుసగా పెట్టాలన్నాను. నేను పావులన్నీ చెదరగొట్టి మళ్ళీ పేర్చమంటే, మూడోసారికి ఒక్కటి కూడా తప్పలేదు.

ఒక్కచోట మాత్రం చిక్కు వచ్చింది. మంత్రిని రాజు పక్క గడిలో దించగానే, రాజును పట్టి పైకి లేపి, "దొరికిండు!" అనేసేది.

"రాజును ముట్టుకోకూడదు. ఎటు కదిలినా దెబ్బ తగిలేలా చేసి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అక్కడితో ఆట కట్టు."

"చంపొద్దా?"

"చంపరు."

రాజును తిరిగి దాని గడిలో నిలబెట్టి, "మంచి ఆటనే," అంది.

భోజనాలయ్యాక రెండున్నరకు షాట్. యజమాని వేషధారి ఎదుట కూర్చున్నాడు. దర్శకుడు "యాక్షన్" అన్నాడు. యాదమ్మ మంత్రిని ఎత్తింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"కట్! ఏమైందమ్మా, మర్చిపోయారా?"

మేకప్ కుర్చీలోని నటి తల ఎత్తింది. లావణ్య నా వైపు చూసింది. నేనూ ఆమె మరిచిపోయిందనే అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

"మరువలే సార్," అంది యాదమ్మ. "గీ అయ్యగారి గుర్రం పొద్దుగాల సచ్చిపోయింది. మల్ల లేచొచ్చి కూసుంది."

అందరూ ఘొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. "ఇది గీడుంటే దూకొచ్చి నా మంత్రిని కొడ్తది. ఆట కట్టు కాదు."

దర్శకుడు నన్ను చూశాడు. దగ్గరకు వెళ్ళి పరీక్షించాను. అక్షరాలా నిజం. భోజన విరామంలో బల్ల తుడిచిన సెట్ పనివాడు తల గోక్కుంటూ, "పక్కన పడ్డదనుకొని ఖాళీ గడిల పెట్టిన మేడమ్," అన్నాడు. పొద్దుటి నుంచి నేను ఆమె చేతినే చూస్తున్నాను. బల్లను చూసింది ఆమె.

"ఆవిడ చెప్పింది సరైనదే," అన్నాను.

"గుర్రాన్ని తీసేయండి," అన్నాడు దర్శకుడు. తరవాత లావణ్యతో, "ఆ అమ్మగారిని ఇంటికి పంపించేయండి," అన్నాడు. మేకప్ కుర్చీ ఖాళీ అయింది.

రెండో టేకులో యాదమ్మ మంత్రిని దించి, "ఆట కట్టు అయ్యగారూ," అని చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. రాజును ముట్టలేదు. యజమాని వేషధారి తల ఊపి ఓటమి ఒప్పుకున్నాడు. షాట్ ఓకే అయింది.

లైట్లు మారుస్తున్నారు. నేను బల్ల మడవబోతుంటే, "ఉండనియ్యుండ్రి టీచరమ్మా. ఇంకో ఆట," అంది.

"గెలిస్తే ఏమీ రాదని చెప్పానుగా."

"రాకపాయె. కూసుందాం."

సాయంత్రం ఐదింటికి ఆమే నాతో మెట్ట దిగింది. నా మోచేతి దగ్గర చెయ్యి ఉంచింది కానీ పట్టుకోలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది. మెట్రోలో తిరిగి వస్తూ లెక్కవేసుకున్నాను: ఇన్నేళ్ళలో ఎంతమందికి చదరంగం నేర్పాను, ఎంతమందికి పేర్లతోనే విసుగు పుట్టించాను! ఆట తెలియని మనిషి ఏమీ తెలియని మనిషి కాదు. ఆమెకు అప్పటికే బాగా తెలిసినదేదో ముందుగా అడిగి ఉంటే, ఆ ఉదయం నాకు పావుగంట మిగిలేది.

మీరూ ఫిల్మ్‌నగర్ వెళ్ళదలచుకుంటే ఒక్క సూచన: చెక్‌పోస్ట్ దగ్గర ఆటో ఎక్కే ముందే, మెట్ట పైదాకా వస్తానని డ్రైవరు చేత మాట తీసుకోండి. దిగేటప్పుడు మాత్రం నడవండి, తోడు దొరికితే మరీ మంచిది.