కొండ పక్క వీధిలో గాలి కొలవబోయి

మొన్న ఎండాకాలంలో ఒక మంచి ఇల్లు చేతిదాకా వచ్చి జారిపోయేదే. జారగొట్టబోయింది ఎవరో కాదు, నేనే. ఎలాగో వినండి.

అప్పుడు మేముండేది తిరుపతి బస్టాండు వెనక సందులో. రెండు పక్కలా లాడ్జీలు. వాటి ఏసీలన్నీ వేడిగాలిని సందులోకే కొడతాయి. కింద ఆటోల పొగ. గాలి ఆడదు కాబట్టి వేడీ పొగా రెండూ అక్కడే తిష్ట వేస్తాయి. ఎండలు ముదిరితే మా ఆవిడ సుజాతకు ఆయాసం. దిండుకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. చూస్తుంటే భయమేసేది. డాక్టరు ఇల్లు మారమన్నాడు.

వెతగ్గా వెతగ్గా కొండ వైపు, చెట్లున్న వీధిలో ఒక పోర్షన్ దొరికింది. ఓనరు రిటైరైన టీచరమ్మ. ఫోటోలు చూడగానే సుజాత మనసు పారేసుకుంది. నేను ఊరుకోవచ్చు కదా! నా బామ్మర్ది యూనివర్సిటీలో ఈ వేడి, పొగల మీదే రీసెర్చి చేస్తున్నాడు. "చెట్లుంటే సల్లగా ఉంటాది బావా, పొగ సంగతి కూడా సూసుకో" అని చేతిలో పట్టే మిషన్ ఒకటిచ్చాడు. రెండూ చూపిస్తుందది.

నా పాత స్కూటర్ మీద సుజాతను ఎక్కించుకుని వెళ్ళాను. గేటు ముందు దిగి మిషన్ ఆన్ చేశాను. వేడి మా సందుకంటే బాగా తక్కువ. సంతోషించేలోపే పొగ అంకె ఎర్రగా మారింది. బండి నడిపించుకుంటూ నాలుగిళ్ళ అవతలికి పోయాను. అక్కడా ఎరుపే. వీధి చివరా అంతే. మళ్ళీ గేటు దగ్గరికే వచ్చాను.

బండి ఆపి లోపలికి రమ్మని టీచరమ్మ పిలుస్తూనే ఉంది. మర్యాదకనుకున్నాను. కొండ అడ్డమై ఇక్కడ గాలి ఆడడం లేదని, చెట్లు చూసి మోసపోకూడదని, బామ్మర్ది దగ్గర విన్న ముక్కలన్నీ కలిపి లెక్చరిచ్చాను. ఎదురింటాయన కూడా వచ్చి విన్నాడు. ఈ ఇల్లు మాకొద్దనేశాను. సుజాత ముఖం వాడిపోయింది.

టీచరమ్మ నిదానంగా అంది: "ముందు ఆ బండి ఆపు నాయనా. వచ్చినప్పట్నించి దాని పొగలోనే నిలబడుకోని మా వీధిని తిడతా ఉండావు."

వెనక్కి తిరిగి చూశాను. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదని నేనెక్కడికెళ్ళినా ఇంజన్ ఆపను. ఆ చప్పుడు నా చెవులకు ఎప్పుడో అలవాటైపోయింది. ఆపాను. అందరం మిషన్ వైపే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఎరుపు పోయి పచ్చ వచ్చింది. ఎదురింటాయన నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

సిగ్గు విడిచి ఇల్లు అడిగాను.

"ఇల్లిస్తా. బండి మాత్రం ఈ వీధిలోకి రాకూడదు" అంది. నేను నోరు తెరిచేలోపే సుజాత సరేనంది.

ఇప్పుడు బండి మెయిన్ రోడ్డులో తెలిసినవాళ్ళ అంగడి పక్కనుంటోంది. సుజాత వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. ఆయాసం మాత్రం మా ఇల్లు వదల్లేదు. పొద్దున్నే ఆ అంగడి దాకా నడిచి, కిక్కు కొట్టి కొట్టి బండి స్టార్ట్ చేసేది నేనే కదా!