వాళ్ళ తర్వాతే మా వంతు

నా చిన్నప్పుడు, 1960 ప్రాంతంలో, మేమున్న వీధి మొత్తానికి చీర కట్టే మనిషి మా అమ్మ ఒక్కతే. నాన్న బాపట్ల దగ్గర మిషన్ స్కూల్లో చదువుకుని, ఆ మిషన్ వాళ్ళ సాయంతోనే అమెరికా వచ్చారు. పై చదువు ముగిశాక ఆ దేశపు దక్షిణాదిలోని ఒక చిన్న ఊళ్ళో, నల్లజాతి పిల్లలు చదివే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం దొరికింది. కాలేజీ చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ నల్లవాళ్ళవే. వాళ్ళ మధ్యనే మాకూ ఒక ఇల్లిచ్చారు. ఊళ్ళో తెల్లవాళ్ళకి మేమెవరిమో ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. అమ్మ చీర చూసి, వేరే దేశం వాళ్ళమని కొన్ని చోట్ల లోపలికి రానిచ్చేవారు. గౌను వేసుకున్న నేను ఒక్కదాన్నే వెళితే నల్లపిల్లననుకుని అదే గుమ్మం దగ్గర ఆపేసేవారు.

మా పక్కింట్లో ఒక ఆంటీ, ఆవిడ కూతురు ఉండేవారు. ఆంటీ కూడా ఒకప్పుడు ఆ కాలేజీలోనే చదివి, సర్కారు బడిలో టీచరుగా చేసేది. కూతురు అప్పట్లో అదే కాలేజీలో చదివేది. అమ్మ నేర్పితే ఆ అమ్మాయిని నేను 'అక్కా' అనేదాన్ని. ఆ పిలుపు ఆమెకి భలే ఇష్టం. సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టుకుని నాకు జడలు వేసేది. ఆంటీ గొంతు పెంచగా మా వీధిలో ఎవరూ వినలేదు. చర్చిలో మాకు బైబిలు కథలు చెప్పేటప్పుడు కూడా ముందుకి వంగి వినాల్సి వచ్చేది.

ఒక సాయంత్రం అక్క అరుగు మీద లేదు. చర్చి కింద గదిలో ఉంటుందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు తీయకముందే అరుపులు వినిపించాయి. లోపల కొందరు విద్యార్థులు వరసగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వెనక నిలబడ్డవాళ్ళు వాళ్ళ చెవుల్లో బూతులు తిడుతున్నారు. అందరికంటే గట్టిగా అరుస్తున్నది మా ఆంటీ. నోట్లోంచి రాకూడదని అమ్మ నాకు చెప్పిన మాటే ఆవిడ తన కూతుర్ని అంటోంది. చూస్తుండగానే అక్క నెత్తిన గ్లాసుడు నీళ్ళు కుమ్మరించి, జుట్టు పట్టుకుని కుర్చీ లాగేసింది. అక్క దబ్బుమని పడి, తల మీద చేతులు పెట్టుకుని ముడుచుకుపోయింది.

నాకు ఒళ్ళు తెలియలేదు. పరుగెత్తుకెళ్ళి ఆంటీ చెయ్యి కొరికాను. ఆంటీ నన్ను విదిలించలేదు. అలాగే నేల మీద కూలబడి నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

ఊళ్ళో పెద్ద దుకాణం ఉండేది. బట్టలు, దారాలు, బొమ్మలు నల్లవాళ్ళకీ అమ్మేవారు. వెనక ఉన్న కాఫీ కౌంటరు దగ్గర మాత్రం వాళ్ళు కూర్చోకూడదు. శనివారం ఈ విద్యార్థులు వెళ్ళి అక్కడ కూర్చోబోతున్నారు. తెల్లవాళ్ళు కొడతారు, తిడతారు. తిరిగి చెయ్యెత్తకూడదు. అందుకే ఈ సాధన. నేను వెక్కుతుంటే ఆంటీ మళ్ళీ తన మామూలు గొంతుతో చెప్పింది. "వాళ్ళు చేసేవి ముందు నేనే చెయ్యాలి, తల్లీ. నా చేతుల్లో ఓర్చుకుంటేనే అక్కడ ఓర్చుకోగలుగుతుంది. ఇప్పుడు నువ్వొచ్చినట్టు అక్కడికెవరైనా పరుగెత్తుకొస్తే, వాళ్ళని కాపాడ్డానికి ఇది లేస్తుంది. లేచిందంటే కొట్టడానికే లేచిందంటారు. మన వాళ్ళని కొడుతుంటే చూస్తూ కదలకుండా ఉండటం అన్నిటికంటే కష్టం. అదీ నేర్చుకోవాల్సిందే."

మర్నాడు ఆంటీ మా ఇంటికి వచ్చింది. తను దుకాణం దగ్గర కనిపిస్తే ఉద్యోగం పోతుంది. అమ్మ అయితే సామాను కొనడానికి వచ్చినట్టు లోపలికి వెళ్ళగలదు. "నువ్వేం చెయ్యక్కర్లేదు, సిస్టర్. నా బిడ్డని తెలిసినవాళ్ళ కళ్ళు ఒక జత అక్కడుంటే చాలు," అంది. నాన్న వినగానే భయపడ్డారు. "మనం వీసా మీద ఉన్నాం. వాళ్ళు పొమ్మంటే రాత్రికి రాత్రి పోవాలి. నువ్వు వెళ్ళొద్దు," అన్నారు.

శనివారం పొద్దున అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకున్న ఆడమనిషిని ఎవరూ అనుమానించరని నన్నూ తీసుకెళ్ళింది. దారిలో ఒక్కటే అంది. "చెయ్యి వదలకు. ఏం జరిగినా పిలవకు."

మేము దారపు ఉండలు చూస్తుండగా వాళ్ళు వచ్చారు. అబ్బాయిలు టైలు కట్టుకున్నారు, అక్క ఆదివారం గౌను వేసుకుంది. నెమ్మదిగా వెళ్ళి కౌంటరు ముందు కూర్చుని కాఫీ అడిగారు. అక్కడ పనిచేసే అమ్మాయి పక్కకి తిరిగిపోయింది. కాసేపటికి వీధిలోంచి మగవాళ్ళు లోపలికి రావడం మొదలైంది. అమ్మ నన్ను నడిపించుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్ళి అక్క వెనగ్గా నిలబడింది.

మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "మీరు ఆ చివర కూర్చోండి, మేడమ్. మీరు వీళ్ళలాంటివాళ్ళు కాదుగా. పాపకి ఐస్‌క్రీమ్ ఇప్పిస్తాను."

"థాంక్యూ. వీళ్ళు నాకంటే ముందొచ్చారు. వాళ్ళకిచ్చాక నాకివ్వండి," అంది అమ్మ.

ఆమెకి ఇంగ్లీషు అర్థం కాలేదనుకుని అతను మళ్ళీ, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు. అమ్మ కూడా అంతే నెమ్మదిగా, ఒక్కొక్క మాటే విడదీసి అదే చెప్పింది.

తర్వాత ఏది ముందు, ఏది వెనక అన్నది నాకు సరిగ్గా గుర్తులేదు. ఎవడో సోడా సీసా అక్క నెత్తిన వంపాడు. ఇంకొకడు పంచదార డబ్బా తీసి తల మీద గుమ్మరించాడు. నవ్వులు. ఆ తర్వాత ఎవరో ఆమెని స్టూలు మీంచి లాగేయడం, తల కౌంటరు అంచుకి తగలడం చూశాను. నా కాళ్ళు వాటంతటవే ముందుకి పోబోయాయి. అమ్మ చెయ్యి బిగిసింది. నేను ఆగాను. అక్క కింద నుంచి లేచి, గౌను సర్దుకుని, మళ్ళీ అదే స్టూలు ఎక్కి కూర్చుంది. కనుబొమ పక్క నుంచి రక్తం కారుతోంది. రెండు చేతులూ కౌంటరు మీద పరిచి పెట్టుకుంది.

పోలీసులు వచ్చారు. కొట్టినవాళ్ళ వంక చూడనైనా చూడలేదు. విద్యార్థుల్ని లేపి తీసుకుపోయారు. అక్క మా పక్క నుంచే వెళుతూ మమ్మల్ని ఎరగనట్టు తల తిప్పుకుంది. మమ్మల్ని కాపాడటానికే అలా చేసిందని నాకు వయసొచ్చాక తెలిసింది. ఒక పోలీసు అమ్మని అడిగాడు, వీళ్ళు నీకు తెలుసా అని. తెలియదంటే సరిపోయేది. అమ్మ అలా అనలేదు. "తెలుసు. ఆ అమ్మాయి మా పక్కింటి పిల్ల."

ఇంటికి రాగానే అమ్మ నేరుగా ఆంటీ దగ్గరికి వెళ్ళి, చూసిందంతా దాచకుండా చెప్పింది. ఆంటీ చివరిదాకా విని ఒకటే అడిగింది. "చెయ్యెత్తిందా?"

"లేదు. ఎత్తలేదు."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. అమ్మ పక్కనే కూర్చుని పమిట కొంగుతో ముఖం తుడిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న, "అక్కడేమైనా తాగావా?" అన్నారు. "ఇంకా మా వంతు రాలేదు," అంది అమ్మ. నాన్న కంచంలోంచి తలెత్తి ఆమె వంక చూశారు. అంతకుముందెప్పుడూ ఆమెని అలా చూడగా నేను చూడలేదు.

ఆ వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. అక్క కొన్నాళ్ళకి జైలు నుంచి ఇంటికొచ్చింది. కూతురు చేసిన పనికి ఆంటీ ఉద్యోగం ఎలాగూ పోయింది. నాన్నని తీసేయమని ఊరి పెద్దలు కాలేజీ మీద ఒత్తిడి తెచ్చారు. కాలేజీ వాళ్ళు వినలేదు. విద్యార్థులు మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. చివరికి ఆ కౌంటరు అందరికీ తెరిచారు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే షాంటిలీ అనే అమెరికా ఊళ్ళో ఉంటున్నాను. కొత్తగా వచ్చిన మన పిల్లలు పార్టీల్లో, "ఆంటీ, మేమంతా మెరిట్ మీదే వచ్చాం కదా," అంటుంటారు. కాదనను. ఆ పోరాటాల ఊపులోనే 1965లో వలస చట్టం మారి మనకి తలుపు తెరుచుకుందని, అంతకుముందు ఆ తలుపు దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళున్నారని మాత్రం చెబుతాను. కొందరు వింటారు, కొందరు ఫోన్ చూసుకుంటారు.

అక్క ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ రోజు ఎలా ఓర్చుకున్నావని ఒకసారి అడిగాను. "సోడా కళ్ళల్లోకి పోయి ఏమీ కనిపించలేదు. కానీ మీరిద్దరూ వెళ్ళిపోలేదని తెలుస్తూనే ఉంది," అంది.

నేను డాక్టరునయ్యాను. నలభై ఏళ్ళకి పైగా ఆసుపత్రుల్లో పనిచేశాను. మందులు పనిచేయని రోజులు ఎన్నో వచ్చాయి. చెప్పడానికి మాటలు కూడా లేని రోజులు వచ్చాయి. అలాంటప్పుడు నెమ్మదిగా గదిలోంచి బయటపడటం చాలా తేలిక, ఎవరూ తప్పు పట్టరు కూడా. నేను మాత్రం మంచం పక్కన అలాగే నిలబడిపోయేదాన్ని.