తపస్సు కాలంలో అజెలీ ఇనుము

మా అక్క అజెలీ నోరు మంచిది కాదు. ఈ మాట నేననడం కాదు, మా ఊరు మమూ చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు. బడి వంటింట్లో ముప్ఫై ఏళ్ళు అన్నం, చిక్కుళ్ళు వండి పిల్లలకు పెట్టింది. కంచంలో మెతుకు వదిలినవాణ్ణి తాత పేరుతో సహా తిట్టింది. ఆ పిల్లలే పెద్దవాళ్ళై మేం వాయించే శనివారం నాట్యాలకొస్తే, ముందు ఆవిడ బుగ్గన ముద్దుపెట్టి ఆ తరవాతే బీరు సీసా అందుకునేవాళ్ళు. భర్త పోయాక మా పక్కింట్లోకి వచ్చేసింది. రెండిళ్ళకీ మధ్య ఒక కంచె, ఆ కంచె మీదుగా రోజూ నాకు నాలుగు చివాట్లు.

ఆవిడ వాయించేది చిట్టి ఇనుము. ఎండుగడ్డి పోగుచేసే పాత గుర్రపు దంతె ఒకటి మా నాన్నకుండేది. దాని పన్ను విరిగితే కొలిమిలో కాల్చి మూడు మూలలుగా వంచాడు. కొట్లో కొన్న కొత్త ఇనుము పలకదు, ఏళ్ళ తరబడి గడ్డిలో దొర్లిన ఉక్కే పలుకుతుందని మా వాళ్ళ నమ్మకం. నాకు ఆరేళ్ళు, అక్కకు ఎనిమిది. నా చేతికి ఫిడేలిచ్చారు. ఆడపిల్లకు ఇనుము చాలన్నారు.

దాన్ని ఎడమచేతి వేలికి తగిలించుకుని, కుడిచేత్తో ఇనప పుల్ల పట్టుకుని కొట్టాలి. కొట్టడం ఎవడైనా కొడతాడు. పనంతా ఎడమచేతిదే. పిడికిలి తెరిస్తే ఖణేల్మని మోగుతుంది, మూస్తే టక్కుమని ఆగిపోతుంది. ఆ తెరవడంలో మూయడంలోనే జనం కాళ్ళు కదులుతాయి. ఈ సంగతి నాకు యాభై ఏళ్ళు తెలియలేదు.

మీ జట్టులో ఎవరెవరని అడిగితే, "అకార్డియన్ మా బావ అడ్రాస్, ఫిడేలు నేను" అనేవాణ్ణి. అడ్రాస్ అక్కకు మరిది.

"మరి అజెలీయో?"

"ఆ ఇనుప ముక్కా? అదొక వాద్యమేంటండీ, పొలంలో ఉన్నవాళ్ళని భోజనానికి పిలవడానికి కొట్టేది."

అక్క వినేది. "నీ ఫిడేలు వింటే ఆ వచ్చినవాళ్ళు కూడా తినకుండా పోతార్రా" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. అంతటితో అయిపోయేది.

ఒక ఏడు జనవరిలో అడ్రాస్ పెరట్లో పందిని కోశాం. అక్క కాగు దగ్గర నిలబడి కొవ్వు వేయిస్తోంది. ఉన్నట్టుండి ఎడమచేతిలోని మూత జారి కాలి మీద పడింది. కాలు వెనక్కి తీసుకోలేదు. "అక్కా" అన్నాను. తిట్టలేదు. పరిగెత్తి పట్టుకున్నాను.

పక్షవాతం. మూడో రోజుకు మాట వచ్చింది. సూప్ చల్లారిపోయిందని నర్సును కడిగేసింది. ఆస్పత్రి వరండాలో ఉన్న మేమందరం హమ్మయ్య అనుకున్నాం. కాలు కూడా నెమ్మదిగా దారికొచ్చింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. డాక్టరు ఒక రబ్బరు బంతి చేతిలో పెట్టి, "రోజూ నొక్కమ్మా. ఈస్టర్ దాకా చూద్దాం. అప్పటికి రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు.

తపస్సు కాలపు ఉపవాసాలకు ముందురోజు పండగ మార్డి గ్రా. ఆ రోజు నాట్యానికి ఆవిడ లేకుండానే వెళ్ళాం. ఇనుముకు బదులు మా మేనల్లుడు టోనిస్ రెండు చెంచాలు పట్టుకుని తొడమీద వాయించాడు. వాడి తప్పేమీ లేదు. తాళం నా చేతిలో ఉందని పుట్టినప్పట్నుంచీ అనుకుంటున్నానా, ఆ రోజు చూద్దును కదా, నా కమాను కళ్ళెం లేని గుర్రంలా పరిగెత్తింది. మూడో పాటకల్లా జంటలు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు.

"ఏంటి బావా, వెనక కుక్క తరుముతోందా?" అన్నాడు అడ్రాస్.

"ఆ చెంచాల వల్ల" అన్నాను.

"నేను నీ వెనకే పడి వస్తున్నాను మామా, అందుకోలేక చస్తున్నా" అన్నాడు టోనిస్.

సిగ్గేసింది. ఇన్నేళ్ళూ నన్ను పట్టి నడిపించిన చెయ్యి ఎవరిదో ఆ రోజు తెలిసింది. అది చాచినది చాచినట్టు ఇంట్లో దుప్పటి మీద పడుంది.

మర్నాడు విభూది బుధవారం, ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే రోజు. ఫిడేలు తీగలు వదులు చేసి పెట్టెలో పెట్టాను. ఈస్టర్ వచ్చేదాకా మా ఊళ్ళో ఎవరూ వాద్యం ముట్టరు. అలాంటిది ఆ ఆదివారం పొద్దున్నే కంచె అవతల్నుంచి ఖణ్, ఖణ్ అని వినిపించింది. పరిగెత్తాను. అక్క వసారాలో కూర్చుని ఉంది. ఇనుమును తాడుతో ఎడమచేతి వేలికి కట్టుకుంది.

"ఏంటక్కా ఇది, తపస్సు కాలంలో. పాపం కాదూ?"

"వాద్యం వాయిస్తే కదరా పాపం. ఇది వాద్యమని ఎవడన్నాడు? నువ్వెప్పుడైనా అన్నావా?"

పక్కన పడున్న రబ్బరు బంతి తీసి అందించాను.

"ఆ రబ్బరు బంతి ఉందే, మూగది. నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే. వేళ్ళు మూసుకున్నాయో లేదో ఇదైతే చెబుతుంది. పో, కాఫీ తాగు పో" అంది.

ఆ రోజు నుంచీ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని కంచె ఇవతల కూర్చోవడం నా పనైంది. వంద దెబ్బలు కొడితే వందా మోగేవి. ఒక్కటి ఆగినా చాలు దేవుడా అని వినేవాణ్ణి. ఆగేది కాదు.

మూడో వారంలో ఎదురింటి నోయెలీ వెళ్ళి గుళ్ళో చెప్పింది. ఆ మహాతల్లి జపమాల ఎప్పుడూ ఒడిలోనే ఉంటుంది, చెవులు మాత్రం పక్కిళ్ళలో ఉంటాయి. ఫాదర్ కారేసుకుని వచ్చారు.

"అజెలీ, ఉపవాసపు రోజుల్లో సంగీతమట?"

"సంగీతమా? మా తమ్ముణ్ణి అడగండి ఫాదర్. వాడు సంగీతం తెలిసినవాడు."

ఫాదర్ నావైపు తిరిగారు. "క్లియోఫా, నువ్వు చెప్పు. ఇది వాద్యమా, కాదా?"

అవునంటే ఆవిడ ఇనుము పక్కన పెట్టాలి. ఈస్టర్ దాటితే ఆ చెయ్యి ఇక అంతే. కాదనడం నాకు కొత్త కాదు, యాభై ఏళ్ళుగా అంటున్నదే. కానీ అన్నాళ్ళూ నమ్మి అన్నాను.

"కాదు ఫాదర్. ఉత్త ఇనుప ముక్క" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. "అయితే కానివ్వండి" అని, ఒక కాఫీ తాగి వెళ్ళిపోయారు. అక్క నావైపు చూడకుండా మళ్ళీ ఇనుము కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ తిట్లకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఈస్టర్ ఇంకా పది రోజులుందనగా, మట్టలాదివారం ముందు గురువారం అనుకుంటాను. ఖణ్, ఖణ్, టక్.

ఇనుము స్తంభానికి తగిలిందేమో అనుకున్నాను. కప్పు కిందపెట్టి కంచెకు చెవి ఆనించాను. ఖణ్, ఖణ్, టక్. కంచె ఎలా దాటానో నాకే తెలియదు, చొక్కా చిరిగింది. అక్క తన పిడికిలిని ఎవరిదో పసిపిల్ల చేతిని చూసినట్టు చూస్తోంది.

"విన్నావుట్రా?"

"విన్నానక్కా."

మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. జనవరి నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగింది.

"ఏడుపులో కూడా తొందరేనా నీకు. మెల్లిగా ఏడు" అంది.

ఈస్టర్ ముందురోజు, పవిత్ర శనివారం, ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఫాదర్‌తో అబద్ధం చెప్పానని తెర ఇవతల మోకాళ్ళ మీద ఒప్పుకున్నాను. అవతల ఆయన నవ్వు ఆపుకుంటున్నట్టు తెలిసింది. "నాతో చెప్పిన అబద్ధం సంగతి నేను చూసుకుంటాను. నిజం వినాల్సింది మాత్రం నేను కాదు. వెళ్ళి ఆవిడతో చెప్పు. అదే నీకు ప్రాయశ్చిత్తం" అన్నారు.

ఈస్టర్ మధ్యాహ్నం అడ్రాస్ పెరట్లో చెట్టు కింద కుర్చీలు వేశారు. జనం జంటలు కట్టి నిలబడ్డారు. మామూలుగా పాట ఎత్తుకునేది నేను. ఆ రోజు కమాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏంట్రా, జనం నిలబడ్డారు. మొదలుపెట్టు" అంది అక్క.

"నువ్వు పెట్టు."

"ఇనుప ముక్క పాట మొదలుపెట్టడమేంట్రా?"

"ఫాదర్‌తో అబద్ధం చెప్పానక్కా. నిన్న వెళ్ళి ఒప్పుకున్నాను."

అక్క నావైపు చూసింది. ఎడమచెయ్యి పైకెత్తింది. మూడు దెబ్బలు విని, నాలుగో దానికి నేను అందుకున్నాను.