డాన్ ఎవారిస్తో కొలబద్ద

ప్రొఫెసర్ డాన్ ఎవారిస్తో దృష్టిలో లోకంలో ఏదీ దానంతటది పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. "ఎండ మండిపోతోంది ప్రొఫే" అంటే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి తోసి "దేనితో పోలిస్తే?" అంటాడు. కార్డోబాలో జనవరి అంటే నడివేసవి; ఆ ఎండను దేనితో పోల్చాలో తోచక అన్నవాళ్లు చెమట తుడుచుకుంటూ జారుకుంటారు. పెళ్లిలో పాదిరీ "ఈమెను ప్రేమిస్తున్నావా?" అన్నప్పుడు కూడా ఇదే ప్రశ్న వేశాడని ఆయన లాబ్‌లో చెప్పుకుంటారు. ఆయన భార్య నెలీదా అవుననదు, కాదనదు. నవ్వేసి, వేడి వేడి మాతే టీ చేతికిస్తుంది.

ఈ జబ్బు వృత్తిలోంచి అంటుకున్నదే. గాలిలో కలిసిన విషం ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చడం ఆ లాబ్ పని. అందుకు గదంత టెఫ్లాన్ సంచి ఉంది. ఆయుష్షు తెలిసిన వాయువును, తెలియనిదాన్ని కలిపి అందులోకి ఎక్కించి, చుట్టూ దీపాలు వెలిగిస్తారు. ఆ వెలుగుకు లోపల వేసిన మందులోంచి హైడ్రాక్సిల్ పుట్టి రెండింటినీ కొరుక్కు తింటుంది. తెలిసినదానితో పోలిస్తే తెలియనిది ఎంత వేగంగా తరిగిందో చూసి, దాని ఆయుష్షు లెక్కకడతారు.

కటమార్కా నుంచి పరిశోధనకు వచ్చిన ఐలిన్‌ను మొదటిరోజే ఆయన ఆ సంచి ముందు నిలబెట్టాడు.

"హైడ్రాక్సిల్ అంటే ఏమిటనుకున్నావ్ అమ్మాయ్? నీళ్లలోంచి ఒక హైడ్రోజన్ ఊడిపోతే మిగిలే ముక్క. పుట్టి సెకనైనా నిలవదు. బయట గాలిలో కోటి కోట్ల రేణువులు వెతికితే మూడో నాలుగో దొరుకుతాయి."

"అంత తక్కువా?"

"దేనితో పోలిస్తే?" అంటూ ఆయన కిటికీ తెరిచాడు. కింద బస్సులు నల్లటి పొగ కక్కుతున్నాయి. దూరాన కొండల మీద ఆకాశం మాత్రం అప్పుడే ఉతికి ఆరేసినట్టుంది. "ఈ కంపంతా పగలల్లా కడిగేది అదే. దాన్ని చూసినవాడు లేడు, మెచ్చుకున్నవాడు లేడు."

ఐలిన్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత పెద్ద ఆకాశం అంత చిన్న ప్రాణం మీద నడుస్తోందా అని ఆ సాయంత్రం తలెత్తి చూస్తూ నడిచి, ఎంపనాడాలనే మాంసం కజ్జికాయల బండిని గుద్దుకుంది.

మూడో ఏట ఆమె కొంప మునిగింది. రంగుల పనికి వచ్చిన ఓ కొత్త ద్రావకం గాలిలో రెండు రోజులకు మించి బతకదని తేల్చి, వ్యాసం పత్రికకు పంపేసింది. ఒక పొద్దున సంచిలో హైడ్రాక్సిల్ పుట్టించే మందు వేయడం మరిచి దీపాలు వేసింది. ద్రావకం అయినా మాయమైపోయింది! అంటే ఇన్నాళ్లూ దాన్ని చంపింది ఎక్కువగా దీపాలే. ఆకాశంలో అలాంటి వెలుగు ఉండదు. వట్టి దీపాలతో ముందే ఒకసారి చూడాలన్నది అక్కడ అందరికీ తెలిసిన నియమం.

ఇక పరువూ పోయింది, స్కాలర్‌షిప్పూ పోయింది, ఇంటికి బస్సెక్కడమే మిగిలిందనుకుంటూ ఆయన గదిలోకి వెళ్లింది.

"ప్రొఫే, చాలా పెద్ద తప్పు చేశాను."

"దేనితో పోలిస్తే?"

ఐలిన్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. "వేళాకోళం వద్దు ప్రొఫే!"

"వేళాకోళమేంటి? మా పెళ్లయిన ఏడాది చలికాలంలో నేను కొత్త వాయువు ఒకటి కనిపెట్టాను. వ్యాసం అచ్చయింది కూడా. సభలో గొంతెత్తి చదువుతుంటే అదే వాసన గుప్పుమంది. చూస్తే ముందు వరసలో మా గురువుగారు తల దువ్వుకుంటున్నారు. నేను కొలిచింది ఆయన జుట్టుకు రాసుకునే సెంటు! నీది ఇంకా అచ్చవలేదు కదా? నా తప్పులో సగం కూడా లేదు. పోయి ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకో, మళ్లీ కొలువు."

ఐలిన్ ఏడుస్తూనే నవ్వింది. మళ్లీ కొలిస్తే ద్రావకం ఆయుష్షు రెండు నెలలని తేలింది. పరువూ నిలిచింది, స్కాలర్‌షిప్పూ నిలిచింది.

డాన్ ఎవారిస్తో పదవీ విరమణ రోజున పెరట్లో నిప్పుల మీద మాంసం కాలుతుండగా ఐలిన్ ఆ సెంటు కథ చెప్పింది. లాబ్‌లో దీపాలు చూసే రుఫీనో పట్టకారు పైకెత్తాడు. "ఆ చలికాలమా? నేను సంచి చించినప్పుడు, అదే చలికాలంలో తాను రెండు సంచులు చించానన్నాడే!" ఇంకొకామె అందుకుంది: "నాకు లాబ్‌లో వరద తెప్పించానని చెప్పాడు. అదే చలికాలం!"

నెలీదా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ చలికాలమంతా ఈయన లాబ్ గడప తొక్కితే కదా! గవదబిళ్లలొచ్చి, మూతికి గుడ్డ కట్టుకుని మా అమ్మ ఇంట్లో పడున్నాడు."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పోల్చేది దగ్గరగా ఉండాలి కదా," అని గొణిగాడు. "మరీ దూరమైతే కొలత కుదరదు. అందుకే ఎవరి తప్పుకు తగ్గట్టు వాళ్లకు... కాస్త పైన ఉండేలా..."

ఐలిన్ ఆ లేని సెంటును తలుచుకుంది. తన భయాన్ని కడిగిపారేసింది కూడా కంటికి కనపడనిదేనన్నమాట. ఆ మనిషి మీద ఆమెకు కొండంత గౌరవం కలిగింది.

అంతలో మాడు వాసన. కబుర్లలో పడి రుఫీనో నిప్పులు మరిచాడు. మాంసం బొగ్గయింది. ఆ ఊళ్లో అంతకంటే తలవంపు లేదు. రుఫీనో నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మీ విందంతా నాశనం చేశాను ప్రొఫే!"

"దేనితో పోలిస్తే?" డాన్ ఎవారిస్తో గొంతు సవరించుకున్నాడు. "మా పెళ్లయిన ఏడాది చలికాలంలో నేను ఏకంగా రెండు గొర్రెల్ని..."

నెలీదా నోరు తెరవబోయింది. ఐలిన్ గబుక్కున ఆమె చేతిలో మాతే పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"రెండు గొర్రెలే! తర్వాతేమైంది ప్రొఫే?"