మందుపాతరలు వద్దంటారా అని అడిగిన శిబిరం

2004 వేసవి ఎన్నికలకు ముందు నన్ను వనపర్తిలో కృత్రిమ కాళ్ల శిబిరానికి పంపారు. అప్పటికి నేను ప్రభుత్వ ఆసుపత్రిలో సీనియర్ టెక్నీషియన్‌ని. తెగిన కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, దాన్నిబట్టి సాకెట్ తయారుచేయడం నా పని. మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటాం. అది సరిగ్గా పట్టకపోతే ఎంత మంచి కాలైనా మూలన పడుతుంది.

ఎన్నికల కోడ్ అమల్లో ఉంది కాబట్టి వేదిక, మైకు, దండలు వద్దని పైనుంచి ఆదేశం. పరామర్శకు వచ్చే అభ్యర్థులు బల్లల మధ్య నడిచి మాట్లాడి వెళ్లాలి, అంతే.

గద్వాల నుంచి నర్సింహులు వచ్చాడు. నేతపనివాళ్ల ఇంట పుట్టి సైన్యంలో చేరినవాడు. సరిహద్దులో తన దళమే పాతిన మందుపాతరలను తిరిగి తీసే పనిలో మోకాలి కింద కాలు పోయింది. సైన్యం మంచి కాలే ఇచ్చింది గాని, కండ తగ్గి సాకెట్ వదులైంది. ఇంటికొచ్చి నేతపనికి మగ్గం గుంటలో దిగి కర్రలు తొక్కితే జారిపోతోంది. పక్క బల్ల మీద బాలమ్మ. నాగర్‌కర్నూల్ అవతల అడవి అంచున మేకలు కాస్తూ, నక్సలైట్లు పోలీసుల కోసం పెట్టిన పాతర మీద అడుగేసింది.

జీపులను లేపేసే పెద్ద పాతరలు వేరు. వీళ్లిద్దరి కాళ్లు తీసినవి మనిషి అడుగుకే పేలే రకం. చాలా దేశాలు వాటిని నిషేధిస్తూ ఒప్పందం చేసుకున్నాయనీ, మన దేశం సంతకం పెట్టలేదనీ నాకు నర్సింహులే చెప్పాడు.

మొదట వచ్చిన అభ్యర్థి బాలమ్మ చేయి పట్టుకుని, నక్సలైట్ల పాతరలు బంద్ చేయిస్తానన్నాడు. నర్సింహులు కల్పించుకున్నాడు. "నా కాలు తీసింది వాళ్లది కాదు సారూ, మనదే. అసలు గిసుంటివే వద్దని ఢిల్లీల అంటరా?"

"దేశ రక్షణ సంగతి గిక్కడ మాట్లాడేది కాదు తమ్మీ," అని ఆయన తర్వాతి బల్లకు వెళ్లిపోయాడు.

మర్నాడు వచ్చిన ఇంకో పార్టీ అభ్యర్థికీ నర్సింహులు తన కాలు పోయిన తీరు చెప్పి అదే అడిగాడు. ఈయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నక్సలైట్లయి వద్దనే అంట. ఫౌజు సంగతి నాకు తెల్వదు. తెల్వనిదానికి మాటియ్యలేను."

బాలమ్మ ఊరుకోలేదు. "ఎవలు పెట్టిండ్రో కాలుకెట్ల తెలుస్తది సారూ?"

ఆయన నర్సింహులు వైపు తిరిగి, "పాతినోళ్లల్ల నువ్వు గూడ ఉంటివి గద. నువ్వేమంటవ్?" అని అడిగాడు.

"పాతేటప్పుడు మంచిదే అనుకున్న. తీసేటప్పుడు తెలిసింది. ఇసుక జరుగుతది, పెట్టినకాడ అది ఉండదు. ఫౌజు మీద నాకు కోపం లేదు సారూ. గా వస్తువు మీదనే."

ఆ సాయంత్రం కొత్తకోట సభకు నర్సింహులు వెళ్లాడు. మనిషి అడుగుకు పేలే పాతర ఎవరు పెట్టినా తప్పేనని ఆ అభ్యర్థి మైకులో అన్నాడట. ఎవరూ చప్పట్లు కొట్టలేదట. ఈయన సైన్యాన్ని తప్పుపడుతున్నాడని ఎదుటి పక్షం ప్రచారం మొదలుపెట్టింది. తర్వాతి సభల్లో ఆ మాట మళ్లీ వినబడలేదు. ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. దానికి ఈ మాటే కారణమని నేననను. అక్కడ నీళ్ల గొడవే పెద్దది.

కొత్త సాకెట్ తొడిగి నడిపించి చూసే రోజున ఆయన ఆ మాట మళ్లీ అనలేదన్న సంగతి నేను ఎత్తితే నర్సింహులు, "ఒక్కపారన్న అన్నడు గద సార్. గా ఒక్కటి అననీకె గూడ గుండె గావాలె," అన్నాడు. తొక్కడానికి వీలుగా పాదం ముందుభాగాన్ని కొంచెం కిందికి వంచి బిగించాను. ఆ కాలితో అతను మళ్లీ మగ్గం గుంటలో దిగాడు. బాలమ్మకు అడవి నేల కాబట్టి మడమ మెత్తగా ఉంచాను.

తర్వాత ఎన్నో శిబిరాల్లో ఎందరో నాయకులను చూశాను. నాకు అర్థమైంది ఇదే: కాలు పోయిందని చెబితే ప్రతివాళ్లూ జాలిపడతారు. దేనివల్ల పోయిందో చెప్పి, దాన్ని ఆపుతారా అని అడిగితేనే వాళ్లు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తుంది.