లోకం ముగిసే ఆదివారం మా అవ్వ పట్టిన మడక

నా చిన్నప్పుడు ఒక ఆదివారం నాడు లోకం అంతమైపోవాల్సింది. ఇప్పుడు చెబితే మనవరాళ్ళు నవ్వుతారు గానీ, ఆ రోజు మా వీధిలో నవ్విన మనిషి లేదు. పూతలపట్టు కూడలికి కాస్త దూరంలో మా పల్లె. క్రైస్తవుల ఇళ్ళు ఒక వీధి, ఆ వీధి చివర పెంకుల చర్చి, చర్చి వెనక నాలుగడుగులు వేస్తే మా చేను. యుద్ధం జరుగుతున్న కాలం అది. బియ్యం రేషను, కిరసనాయిలు దొరికేది కాదు, ఆకాశంలో విమానం పోతే పెద్దవాళ్ళు కూడా చేతిలో పని ఆపి పైకి చూసేవాళ్ళు. అలాంటి రోజుల్లో, బొగ్గుతో నడిచే బస్సు దిగి ఒక బోధకుడు మా ఊరికి వచ్చాడు.

ఆయన మోసగాడని ఈనాటికీ నేను అనను. ఎవరినీ ఏమీ అడగలేదు, పెట్టింది తిన్నాడు, తను చెప్పేది తనే గట్టిగా నమ్మాడు. మా వసారా గోడకు గుడ్డమీద రంగులతో గీసిన పటం ఒకటి తగిలించాడు. బంగారు తల, మట్టి కలిసిన పాదాలు ఉన్న విగ్రహం, పది కొమ్ముల మృగం, వాటి పక్కన వరసగా అంకెలు. ప్రవచనంలో దినమంటే సంవత్సరమని, ఫలానా రాజు ఆజ్ఞ ఇచ్చిన ఏటి నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలని చెబుతూ పటం మీద వేలు జరుపుకుంటూ వచ్చాడు. ఆ వేలు ఆ ఏడు ఆరుద్ర కార్తెలో వచ్చే ఒక ఆదివారం దగ్గర ఆగింది. ఆ ఉదయం ప్రభువు మేఘాల మీద వస్తాడని, నమ్మినవాళ్ళు ఎత్తబడతారని, నమ్మనివాళ్ళు ఇక్కడే మిగిలిపోతారని చెప్పాడు.

మా బడి పంతులు ఈ లెక్క ఒప్పుకోలేదు. చర్చిలో ప్రసంగం చేసేది కూడా ఆయనే. ఒకచోట దినమంటే సంవత్సరమంటావు, ఇంకోచోట దినం దినమే అంటావు, రాజును మారిస్తే తేదీ మారిపోతుంది కదా అని నిలదీశాడు. ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు కదా అన్నాడు. గడియ తెలియదన్నాడు గానీ గుర్తులు కనిపెట్టుకుని ఉండమన్నాడు కదా, ఈ యుద్ధం గుర్తు కాదా అని బోధకుడు తిరిగి అడిగాడు. పొద్దు వాలేవేళల్లో వాదన ఇలా సాగేది. మా నాయన బోధకుడి పక్షం. నాయనను కన్న మా అవ్వ మాత్రం స్తంభానికి ఆనుకుని వక్క నములుతూ అంతా విని, ఒక్క మాట అడిగింది.

“ఆ లెక్కలో వానెప్పుడు పడతాదో ఉండాదా అప్పా?”

బోధకుడు చిన్నగా నవ్వాడు. నాయనకు తల కొట్టేసినట్టయింది.

అవ్వ భక్తి ఎలాంటిదో చెప్పాలి. ఆదివారం మా ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్ళం కాదు. శనివారం చేసిన సంగటే చల్లలో పిసుక్కుని తినాలి. తల దువ్వుకోవడానికి వీల్లేదు, చింతకాయ కొట్టడానికి వీల్లేదు, చెప్పు తెగితే సోమవారం దాకా ఉత్తకాళ్ళతో నడవాలి. మా వీధిలో వయసు మళ్ళిన ఆడవాళ్ళు తాము పోయినప్పుడు కట్టి పంపమని ఒక కొత్త తెల్లచీర పెట్టెలో దాచుకునేవాళ్ళు. అవ్వ తన చీరను ఏడాదికొకసారి ఎండకు ఆరేసి, వేపాకు మధ్య మళ్ళీ మడిచి పెట్టేది. దాన్ని మేము ముట్టుకోకూడదు.

ఒకనాడు బడి నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే వేయించిన వేరుశెనగ వాసన తగిలింది. ఇల్లిల్లూ అదే వాసన. మా ఇంట్లో అమ్మ పొయ్యి ముందు కూర్చుని, విత్తనానికని పేడ మెత్తిన కుండలో దాచిన కాయలు వేయిస్తోంది. విత్తే రోజు రాదు కాబట్టి తినేయమన్నాడట నాయన. విత్తనం తినడం మా ఇళ్ళల్లో ఎంత ఆకలైనా చెయ్యని పని. అమ్మ కళ్ళనిండా నీళ్ళు, చెయ్యి మాత్రం ఆగకుండా కాయలు కలుపుతోంది. ఆ వాసనకు నోరూరినందుకు నాకే భయమేసింది.

అంతలో నాయనా, ఆయన వెనకాలే అవ్వా వచ్చారు. అవ్వ వేయించకుండా మిగిలిన కాయల గంపను కాలితో తన వైపు లాక్కుంది.

“నా వంతు నాకియ్యిరా. తింటానో, విత్తుతానో, నా ఇష్టం.”

“నీకు నమ్మకం లేదామ్మా?” అన్నాడు నాయన. “అందరం పోతే నువ్వొక్కదానివే ఈడ మిగిలిపోతావే.”

అవ్వ గంపను వసారాలోకి మోసుకుపోయింది. ఆ రోజు నుంచి తీరిక దొరికినప్పుడల్లా కాయలు ఒలుస్తూ కూర్చునేది. విత్తనం కాయను కర్రతో కొడితే పప్పు చిట్లుతుంది కాబట్టి ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కాలి. ఒలిచిన పప్పు ఎక్కువ కాలం నిలవదు. అందుకని వాన వచ్చేటట్టున్నప్పుడే ఒలుస్తారు. నేను కూడా పక్కన కూర్చుని ఒలిచాను గానీ నా మనసంతా నాయన అన్న మాట మీదే. అవ్వ లేని పరలోకంలో నన్నెవరు పడుకోబెట్టుకుంటారో నాకు అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం మంచి వాన పడింది. ఆదివారం తెల్లవారేసరికి వీధి వీధంతా ఉతికిన బట్టలు కట్టుకుని చర్చిలో చేరింది. పంతులు కూడా ఒక మూల కూర్చున్నాడు. ఎంత వాదించినా ఆ ఉదయం ఇంట్లో ఉండలేకపోయాడు కాబోలు. అందరూ ఉన్నారు, అవ్వ లేదు. పాట మధ్యలో కిటికీలోంచి ఒక మబ్బు తెల్లగా మెరిసేసరికి ఎవరో గట్టిగా ఏడ్చారు. ఇక ఆగలేక లేచి పరిగెత్తాను. ప్రభువు వచ్చేలోగా అవ్వను లాక్కురావాలని తప్ప ఇంకేమీ తోచలేదు.

ఇంట్లో అవ్వ లేదు, ఎద్దులూ లేవు. చేనికాడికి పోయి చూసి గెనిమె గట్టు మీదే కొయ్యబారిపోయాను. మా అవ్వ మడక దున్నుతోంది. ఆడది మడక మేడి పట్టడమన్నది మా ఊళ్ళో హిందువుల్లో లేదు, క్రైస్తవుల్లో లేదు. పైగా ఆదివారం. పైగా ఒంటిమీద పెట్టెలోని ఆ తెల్లచీర, మోకాళ్ళ దాకా ఎర్రమన్ను కొట్టుకుని ఉంది. నా జన్మలో అంత దిగ్భ్రాంతి మళ్ళీ ఎరగను.

“అవ్వా, చర్చికి రా, ఆయన వచ్చేస్తాడు” అన్నాను ఏడుస్తూ.

“వస్తే రానీ బిడ్డా. ఆయనకు చర్చి దోవ ఒకటే తెలుసా, చేను దోవ తెలీదా? ఆ గంప పట్టుకోని సాలు వెనకాల రా, విత్తనమెయ్యి.”

ఏడుస్తూనే గింజలు వేశాను. నన్ను వెతుక్కుంటూ నాయన వచ్చాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. మడకను చూశాడు, తల్లిని చూశాడు, ఆ చీరను గుర్తుపట్టాడు.

“ఆదివారమమ్మా” అన్నాడు.

“నాకు తెలీదా? ఈ గాలికి నేలలో పదును రేపటిదాకా నిలస్తాదా?”

“మరి ఆయన వస్తే?”

“వస్తాడనే గదరా ఈ చీర కట్టుకునింది. వచ్చినాడంటే ఈడినించే పోతాను. రాలేదంటే, బిడ్డలు తినేదానికి ఉంటాది.”

నాయన చెప్పులు గెనిమె మీద విడిచాడు. తర్వాత పంచె ఎగ్గట్టి చేలోకి దిగి తల్లి చేతిలోంచి మేడి తీసుకున్నాడు. ముగ్గురం మధ్యాహ్నం దాకా ఆకాశం వంక చూస్తూ, నేల వంక చూస్తూ విత్తాం.

ఆ సాయంత్రం బోధకుడు ఒంటరిగా మా వాకిట్లోకి వచ్చాడు. అప్పటికే వీధిలో అందరూ ఆయనకు తలుపులు వేసేశారు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదని చిన్నపిల్లాడిలా అన్నాడు. అవ్వ ఆయన ముందు సంగటి పెట్టింది. “లెక్క మళ్ళీ ఏసుకోప్పా, ముందు తిను” అంది. ఆయన తింటూ ఏడ్చాడు. పెద్దమనిషి ఏడవడం నేను చూడడం అదే మొదలు. ఆ తర్వాత చాలా రోజులు వాన లేదు. మా వీధిలో ఆ ఏడు వేరుశెనగ పండింది మా చేలో ఒక్కదాంట్లోనే. వచ్చే ఏటికి ఇల్లిల్లూ విత్తనం తీసుకుపోయింది ఆ పంటలోంచే.

ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ చీర అంచున ఎర్రమన్ను పోలేదు. అవ్వ పోయినప్పుడు కొత్తది తెస్తానన్నాడు పంతులు. నాయన ఒప్పుకోలేదు, దాన్నే కట్టించాడు. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్ళు నమ్మినవాళ్ళని, అవ్వ నమ్మనిదని అనుకున్నాం. అందరికంటే గట్టిగా నమ్మింది ఆమేనని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మొన్న పక్కింటి కోడలు వచ్చింది. లోకం ముగుస్తుందని ఎవరో మళ్ళీ తేదీ చెప్పారట. నిజమేనా అవ్వా అని అడిగింది. నాకు తెలియదన్నాను. లోపలికి పిలిచి, విత్తనానికని తెచ్చిన కాయల చాట ఇద్దరి మధ్యా పెట్టుకుని, వేళ్ళతో మెల్లగా నొక్కమని చెప్పాను.