పైడయ్య వాటా

పైడయ్య వాటాని పడవ యజమాని వరహాలు మింగేశాడని జాలరిపేటలో చెప్పుకునేవారు. మొదట అన్నది చిట్టమ్మ. చేపలు ఎండబెట్టే చోట నలుగురు ఆడవాళ్ళు కనపడితే ఆమె నోరు ఊరుకోదు.

"టాక్సోళ్ళకి పెట్టిన కాగితాల్లో పైడయ్య సంపాదనంతా వరహాలు తన పేరునే రాయించుకున్నాడంట. ఆడిటరు కాడ పన్జేసే మనిసే సెప్పేడు. సముద్రం మనిసిని మింగితే, ఈడు ఆడి వాటా మింగేడు."

రాయించుకున్నాడన్నది నిజమే. అందుకే పక్కన తట్ట దించుకుంటున్న వరహాలు కూతురు సూర్యకళ ఎదురు చెప్పలేకపోయింది. అసలే ఆ పిల్ల పదిమందిలో నోరు విప్పే రకం కాదు.

వరహాలుకి ఒక మరపడవ ఉండేది. రొయ్యలు కొనే కంపెనీ డబ్బంతా చెక్కుగా అతని పేరునే ఇచ్చేది. అది మార్చుకొచ్చి, డీజిలూ ఐసూ ఖర్చులు పోను మిగిలింది పడవ మీదే వాటాలు వేసేవాడు. సగం పడవకి, అంటే తనకి; మిగతాది పనివాళ్ళకి. పడవ నడిపే పైడయ్యకి మాత్రం రెండు వాటాలు. అందుకున్నవాడు డబ్బు కళ్ళకద్దుకుని మొలలో దోపుకునేవాడు. ముట్టినట్టు సంతకం పెట్టమనడం రేవులో తిట్టుతో సమానం. ఇక రిటర్నులు వేయాలన్న ఊసు ఎవరికుంటుంది? సముద్రంలో దొరికినదానికి పన్నేమిటనుకున్నారు.

2001లో ఇన్‌కంటాక్సు వాళ్ళు కంపెనీ లెక్కలు తిరగేసి వరహాలుకి నోటీసు పంపారు. చెక్కులన్నీ నీ పేరునే ఉన్నాయి, వెనకటి సంవత్సరాల రిటర్నులేవి అన్నారు. అప్పటికే పడవ ఇంజను పాడైపోయి ఉంది. కొత్త ఇంజను కోసం భార్య గురువమ్మ గాజులమ్మిన డబ్బు ఇంట్లో ఉంది.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మేడమీద ఆడిటరు శ్రీరామ్మూర్తి ఉండేవాడు. చదవడానికి ఎవరైనా కావాలని వరహాలు కూతుర్ని వెంట తీసుకెళ్ళాడు. ఎనిమిదితో బడి మానేసిన సూర్యకళ బల్ల చివర ఒదిగి కూర్చుని అన్నీ చూసింది.

"భయపడకు. పనివాళ్ళంతా మా వాటా మాకు ముట్టిందని సంతకాలు పెడితే, ఆ మేరకు నీ లెక్కలోంచి తీసేయమని అడుగుతాను. నీకు పన్నే పడకపోవచ్చు" అన్నాడు ఆడిటరు.

పనివాళ్ళు మొదట జంకారు.

"ఏలిముద్దరేస్తే మమ్మల్ని పట్టుకుపోతారేటి బావా?" అన్నాడొకడు.

"నీ ఇంట్లో పట్టుకుపోడానికి ఏటుందిరా?" అన్నాడు వరహాలు.

"మా ఆడదుంది. పట్టుకుపోతే నాలుగు కొబ్బరికాయలు కొడతాను!"

నవ్వుకుంటూనే అందరూ వేలిముద్రలు వేశారు. పైడయ్యది ఒక్కటే మిగిలింది.

అంతకు ముందు ఏడాది వేటలో ఉండగా, తెల్లారి చూసేసరికి చుక్కాని దగ్గర పైడయ్య లేడు. పడిపోవడం ఎవరూ చూడలేదు. శవమూ దొరకలేదు. అతని భార్య పాపాయమ్మ వరహాలుకి పిన్నమ్మ కూతురు. ఆమె బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, దినం చెయ్యనివ్వలేదు. "సూడనోళ్ళు ఎలా సెప్తారు?" అనేది.

"ఆవిడ వేలిముద్ర చాలు," అన్నాడు ఆడిటరు కాగితం రాసిస్తూ. "నా భర్త చనిపోయాడు, బతికుండగా ఆయన వాటా ఆయనకి ముట్టింది. ఇంతే. అది లేకపోతే ఆ రెండు వాటాలూ నీ నెత్తినే పడతాయి. పన్నూ, వడ్డీ, జరిమానా కలిస్తే నీ ఇంజను డబ్బు మిగలదు."

తండ్రీకూతుళ్ళు పాపాయమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది.

"రా అన్నా. ఇంజను కొన్నావేటి? ఈ పాలి పడవ ముందుకి ఎర్రరంగెయ్యి. మీ బావ ఎక్కడున్నా దూరంనుంచే పోల్చుకుంటాడు." సూర్యకళ చేతిలోకి చూసి నవ్వింది. "ఏటే కోడలా ఆ కాగితం? సంబంధమేటి?"

సూర్యకళ తండ్రి మొహం చూసింది. కాగితం ఓణీ కిందకి పోయింది.

"రేషన్ కాగితంలే," అన్నాడు వరహాలు. మంచినీళ్ళు తాగి లేచాడు.

దారిలో సూర్యకళే అడిగింది. "మరి పడవో, అయ్యా?"

"సెల్లెలి బొట్టు నా సేత్తో తుడవమంతావేటే?"

ఇద్దరూ మళ్ళీ ఆడిటరు దగ్గరికి వెళ్ళారు. సూర్యకళే చెప్పింది, ఆ రెండు వాటాలూ అయ్య సంపాదనగానే రాసెయ్యమని.

"తీసుకోని డబ్బుకి పన్ను కడతావా? రేపు ఈ సంగతి పొక్కితే మీవాళ్ళు నిన్నేమంటారు?" అన్నాడు ఆడిటరు.

"అననీండి బాబూ," అన్నాడు వరహాలు.

ఇంజను డబ్బు పన్నుకి పోయింది. పడవ జెట్టీ దగ్గరే ఎండకి ఎండి, వానకి నాని, చివరికి కర్ర కింద అమ్ముడుపోయింది. పడవ యజమాని మరొకరి పడవలో వల లాగే కూలీ అయ్యాడు. అయినా వేట నుంచి వచ్చినప్పుడల్లా తనకిచ్చిన కూరచేపలో సగం పాపాయమ్మకి పంపేవాడు. చిట్టమ్మ మాట ఆమె చెవిన పడేదాకా అది సాగింది.

ఆ రోజు సూర్యకళ తెచ్చిన చేపల గిన్నె పాపాయమ్మ అందుకోలేదు.

"మీ అయ్యకి సెప్పు. నా మొగుడి వాటా తిన్నోడి సేప నా గడప దాటకూడదు. ఆయన రానీ. మీ అయ్యని ఆయనే అడుగుతాడు."

"అత్తా..." అంది సూర్యకళ. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా పాపాయమ్మ నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. ఆ పిల్ల గిన్నె మీద మూత సర్దుకుని వెనక్కి తిరిగింది.

ఇంటి దగ్గర వరహాలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"తీసుకుందా?"

సూర్యకళ గిన్నె పక్కన పెట్టి, అతని పక్కనే కూర్చుంది.

తర్వాత ఏ పండక్కీ, ఏ శుభకార్యానికీ పాపాయమ్మ వరహాలు ఇంటి ఛాయలకి రాలేదు. జాలరిపేటలో ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉంటారు. వాళ్ళకి తెలియనిది ఒకటుంది. భర్త చనిపోయాడని పాపాయమ్మ వేలిముద్ర వేస్తే వరహాలుకి పడవ మిగిలేది. అతను ఆమెను వెయ్యమని అడగలేదు.